పిచ్చిగీత, సరదామాట: ఆలోచనకు తొలి చిత్తుప్రతులు

1963లో ఒక శాస్త్ర సమావేశం జరుగుతోంది. వేదిక మీద ఎవరో పత్రం చదువుతున్నారు. అది ఎంతకీ తెమలడం లేదు. శ్రోతల్లో కూర్చున్న గణితవేత్త స్టానిస్లా ఉలాంకు విసుగు పుట్టింది. ముందున్న కాగితం మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీశారు. ఏదైనా చదరంగం సమస్య అల్లుదామని మొదట అనుకున్నారు. తర్వాత మనసు మార్చుకుని వాటిలో వరసగా అంకెలు వేయడం మొదలుపెట్టారు.

మీరూ ఒక కాగితం మీద వేసి చూడొచ్చు. మధ్య గడిలో 1 వేయండి. దాని కుడిపక్కన 2, ఆ 2 పైన 3. అక్కడి నుంచి ఎడమకు 4, 5. కిందికి 6, 7. మళ్లీ కుడికి 8, 9, 10. పైకి 11, 12, 13. ఎడమకు 17 దాకా, కిందికి 21 దాకా, కుడికి 26 దాకా. ఇలా సుడి తిరుగుతూ ఎంత దూరమైనా పోవచ్చు. ఇప్పుడు ప్రధాన సంఖ్యలకు, అంటే 1తోను, తమతోను తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగం పోని 2, 3, 5, 7, 11 వంటి వాటికి సున్నా చుట్టండి. 19, 7, 23 ఒకే ఏటవాలు వరసలో కనిపిస్తాయి. ఇంకో చుట్టు తిప్పితే 3, 13, 31 ఒక వరసలో, 5, 17, 37 ఇంకో వరసలో పడతాయి.

2 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే. ఈ అమరికలో బేసి సంఖ్యలు ఏటవాలు వరసల్లోనే పడతాయి. అంతవరకు వింత లేదు. వింతేమిటంటే, ప్రధాన సంఖ్యలు కొన్ని వరసల్లో కిక్కిరిసి ఉంటాయి, పక్క వరసల్లో పలచగా ఉంటాయి. ఉలాం ఆ కాగితాన్ని పారేయలేదు. లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో మానియాక్-2 కంప్యూటర్ మీద సహచరులతో కలిసి దాదాపు 65,000 దాకా అంకెలు వేయించి చూశారు. వరసలు చెదిరిపోలేదు. 1964 మార్చిలో ఆ చిత్రం ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక ముఖచిత్రమైంది. దాన్ని ఇప్పుడు ఉలాం సర్పిలం అంటారు. ఆ వరసలు అలా ఎందుకు ఏర్పడతాయన్నదానికి పూర్తి రుజువు ఈనాటికీ లేదు.

విసుగులో గీసిన గీతలు గణితానికి ఒక ప్రశ్న ఇచ్చాయి. మన నోట్‌బుక్‌ల చివరి పేజీల్లో, మీటింగ్ కాగితాల అంచుల్లో, ఫోన్ మాట్లాడుతూ కరెంటు బిల్లు వెనక మనమూ ఇలాంటి గీతలే గీస్తుంటాం. టీకొట్టు దగ్గర, బస్సులో, వంటింట్లో సరదాకి ఒక మాట విసురుతాం. పిచ్చిగీతను ‘టైం వేస్ట్’ అంటారు, సరదామాటను ‘వేళాకోళం’ అని కొట్టేస్తారు. ఆ రెండూ మెదడు వేసుకునే చిత్తుప్రతులని, తప్పు పోతుందన్న భయం లేకుండా చేసే ప్రయత్నాలని గత కొన్ని దశాబ్దాల పరిశోధనల్లో కొన్ని సూచిస్తున్నాయి. చిత్తుప్రతిని చించి పారేస్తే మిగిలేదేమీ లేదు. రెండోసారి చూస్తేనే దానికి విలువ.

చెవి వింటుంటే చేయి గీస్తుంది

క్లాసులో గీతలు గీస్తున్న పిల్లవాడు పాఠం వినడం లేదని మన నమ్మకం. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాకీ ఆండ్రేడ్ 2009లో ప్రచురించిన ప్రయోగంతో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. వేరే ప్రయోగంలో పాల్గొని అప్పుడే బయటికొచ్చిన 40 మందిని, ఇక ఇంటికి వెళ్లొచ్చనుకుంటున్న సమయంలో, ఇంకో ఐదు నిమిషాలు ఉండమన్నారు. వాళ్లు ముందే కొంత విసిగి ఉండాలన్నది ఉద్దేశం. రెండున్నర నిమిషాల ఫోన్ సందేశం ఒకటి వినిపించారు. పుట్టినరోజు పార్టీ గురించి, ఎత్తుపల్లాలు లేని గొంతుతో సాగే మాటలవి. ఎవరెవరు వస్తారో, ఎవరు రారో, వంటింటి మరమ్మతులు, వాన సంగతులు అన్నీ కలగలిపి ఉన్నాయి. పార్టీకి వచ్చేవాళ్ల పేర్లు మాత్రం రాసుకోమన్నారు.

సగం మందికి కాగితం మీద చిన్న చిన్న చతురస్రాలు, వృత్తాలు అచ్చువేసి ఇచ్చి, వింటూ వాటిని పెన్సిలుతో నింపమన్నారు. నీటుగా ఉండాలన్న నియమం లేదు, త్వరగా చేయాలన్న తొందరా లేదు. మిగతా సగం మంది ఊరికే విన్నారు. చివర్లో ముందు చెప్పని పరీక్ష పెట్టారు: విన్న పేర్లు, ఊళ్లు గుర్తున్నంతవరకు చెప్పమన్నారు. ఊరికే విన్నవాళ్లు సగటున 5.8 వివరాలు చెప్పగలిగితే, గళ్లు నింపినవాళ్లు 7.5 చెప్పారు. అంటే 29 శాతం ఎక్కువ.

దీనికి ఆండ్రేడ్ ఇచ్చిన వివరణ ఆలోచించదగ్గది. విసుగెత్తినప్పుడు మనసు ఖాళీగా ఉండదు. పగటికలల్లోకి జారుకుంటుంది. ఇంటి లోను, నిన్నటి గొడవ, రేపటి ప్రయాణం అన్నీ ముసురుకుంటాయి. పగటికల చిన్న పని కాదు. ప్రణాళికలు వేయడానికి, నిర్ణయాలు తీసుకోవడానికి మెదడు వాడే శక్తినే అదీ వాడుకుంటుంది. చేతికి పెద్దగా బుర్ర పెట్టనక్కర్లేని చిన్న పని అప్పగిస్తే, మనసు అంత దూరం పోకుండా ఆగుతుంది. చెవి వింటూనే ఉంటుంది.

ఊరికే ఉన్న మెదడు ఊరికే ఉండదు

మెదడు మన శరీర బరువులో దాదాపు 2 శాతం. ఖర్చు పెట్టే శక్తి మాత్రం 20 శాతం దాకా ఉంటుంది. ఒక లెక్క చేయమన్నా, ఒక పదం వెతకమన్నా ఆ ఖర్చు పెరిగేది కొద్దిగానే. మరి మిగతా శక్తంతా ఎటు పోతోంది? అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ నాడీ శాస్త్రవేత్త మార్కస్ రేకల్ బృందం 2001లో దీనికి ఒక ముఖ్యమైన సమాధానం చెప్పింది. పని ఏదీ లేనప్పుడు చురుగ్గా ఉండి, పనిలో పడగానే తగ్గే కొన్ని ప్రాంతాలు మెదడులో ఉన్నాయి. వీటిని కలిపి డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నారు. పాత జ్ఞాపకాలు తిరగేయడం, జరగబోయేది ఊహించుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అంచనా వేయడం వంటి వాటితో ఈ వ్యవస్థకు సంబంధం ఉంది. కొత్త ఆలోచనకు కావలసిన ముడిసరుకు చాలావరకు ఇదే.

పిచ్చిగీత గీసేటప్పుడు తలలో ఏం జరుగుతుందో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజ కైమల్ బృందం చూసింది. 2017లో వచ్చిన ఈ అధ్యయనంలో 26 మంది పాల్గొన్నారు. నుదుటి వెనక భాగంలో రక్తప్రసరణను పరారుణ కాంతితో కొలిచే పట్టీ కట్టి, వాళ్లతో రంగులు నింపించారు, పిచ్చిగీతలు గీయించారు, ఇష్టమొచ్చిన బొమ్మ వేయించారు. ఒక్కొక్కదానికి మూడేసి నిమిషాలు. విశ్రాంతి సమయంతో పోలిస్తే మూడింటిలోనూ, మంచి తిండి, మెచ్చుకోలు వంటి వాటికి స్పందించే ప్రాంతంలో రక్తప్రసరణ పెరిగింది. సగటున అన్నిటికంటే ఎక్కువ పెరిగింది పిచ్చిగీతల సమయంలోనే. బొమ్మ బాగా రావాలన్న పట్టింపు లేకపోవడమే దాని సుఖం. పని ముగిశాక తమకు మంచి ఆలోచనలు వస్తాయన్న నమ్మకం పెరిగిందని కూడా వాళ్లు చెప్పారు.

కొట్టివేతల్లోంచి వచ్చిన చిత్రకారుడు

రవీంద్రనాథ్ ఠాగూర్‌కు రాతప్రతిలో కొట్టేసిన పదాలను అలాగే వదిలేసే అలవాటు లేదు. ఒక కొట్టివేత నుంచి ఇంకో కొట్టివేతకు గీత కలిపేవారు. ఆ గీత పక్షి మెడ అయ్యేది, పక్కన పంక్తిలోని కొట్టివేత దాని రెక్క అయ్యేది. పేజీ పూర్తయ్యేసరికి కవిత మధ్యలో పేరు తెలియని జంతువులు, ముఖాలు తేలేవి. 1924లో అర్జెంటీనాలో జబ్బుపడి బ్యూనస్ ఎయిరిస్ దగ్గర రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నప్పుడు ‘పూరబి’ కవితలు రాస్తూ ఇలాంటివి చాలా గీశారు. ఒకాంపో ఆ పేజీలు చూసి ఆశ్చర్యపోయారు. కవిత కంటే ముందు ఆమె కన్ను పడింది ఆ గీతల మీద.

ఆ చూపు ఊరికే పోలేదు. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఠాగూర్ చిత్రాల తొలి ప్రదర్శన జరిగింది. ఏర్పాట్లు చూసింది ఒకాంపోనే. ఆ నెలలోనే ఆయనకు 69 ఏళ్లు నిండాయి. ఏ చిత్రకళాశాలలోనూ చదవలేదు. జీవితం ముగిసేలోపు 2,000కు పైగా చిత్రాలు వేశారు. మన దేశపు ఆధునిక చిత్రకళ చరిత్రను ఆయన పేరు లేకుండా రాయలేం. ఆ ప్రయాణమంతా తప్పు రాసిన మాటను కొట్టేసిన గీత దగ్గర మొదలైంది.

చూపు పడకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. లియొనార్డో డా విన్సీ జేబుపుస్తకం ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అరచేతిలో పట్టే పుస్తకం. 1493 నాటి ఒక పేజీలో ఒక వృద్ధురాలి బొమ్మ, దాని కింద ఎర్ర సుద్దతో గీసిన కొన్ని గజిబిజి గీతలు ఉన్నాయి. 1920లలో ఆ మ్యూజియం డైరెక్టర్ ఆ గీతలను సంబంధం లేనివని తీసిపారేశారు. 2016లో కేంబ్రిడ్జి ఆచార్యుడు ఇయన్ హచింగ్స్ వాటిని నిదానంగా చదివారు. వరసగా పేర్చిన దిమ్మలు, వాటిని కప్పీ మీదుగా లాగుతున్న బరువు అందులో కనిపించాయి. ఘర్షణ బలం బరువును బట్టి పెరుగుతుందని, తాకే వైశాల్యాన్ని బట్టి మారదని లియొనార్డో అప్పటికే గ్రహించారనడానికి అదే తొలి ఆధారం. ఈ సూత్రాలను ఫ్రాన్స్‌లో గియోమ్ అమొంటాన్ ప్రకటించింది 1699లో, అంటే ఇంకో 206 ఏళ్లకు.

బస్సులో పేలిన మాట

ఇక సరదామాట సంగతి. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ ‘జరగాలి, జరగాలి’ అని అరుస్తున్నాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, ‘జరగాల్సింది జరుగుతూనే ఉంటుంది నాయనా, మన చేతుల్లో ఏముంది?’ అన్నాడు. ఊపిరాడని బస్సు మొత్తం గొల్లుమంది.

క్షణంలో పుట్టే ఈ నవ్వులో రెండు దశలున్నాయని మనస్తత్వ శాస్త్రవేత్త జెర్రీ సల్స్ 1972లో ప్రతిపాదించారు. మొదటిది పొసగకపోవడం: కండక్టర్ కేకకు కాళ్లు కదలాలి, వేదాంతం రాకూడదు. రెండోది పొసగించడం: ఒకే మాటకు పక్కకు కదలడమన్న అర్థమూ ఉంది, విధి ప్రకారం నడవడమన్న అర్థమూ ఉంది. ఇరుకు బస్సును, తలరాతను ఆ మాట ఒకచోట కలిపింది. ఆ కలయిక వినేవాడికి తట్టిన క్షణంలో నవ్వు వస్తుంది. అంతకుముందే, 1964లో రాసిన ‘ది యాక్ట్ ఆఫ్ క్రియేషన్’ గ్రంథంలో రచయిత ఆర్థర్ కోస్లర్ ఇలాంటి ఆలోచననే శాస్త్రానికీ వర్తింపజేశారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆలోచనల చట్రాలు ఢీకొన్నప్పుడు హాస్యం పుడుతుందని, అవే చట్రాలు కలిసిపోతే శాస్త్రంలో కొత్త విషయం బయటపడుతుందని ఆయన వాదన. ఆయన లెక్కలో నవ్వించేవాడూ, కనిపెట్టేవాడూ చేసే మానసిక పని ఒకటే.

ఈ పని మెదడుకు ఇష్టం. 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కార్టూన్లు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. నవ్వు తెప్పించిన కార్టూన్ల దగ్గర, మనకు సంతోషం కలిగించే వాటికి స్పందించే డోపమైన్ మార్గాలు చురుకయ్యాయి. జోకు అర్థం కావడమే మెదడుకు ఒక బహుమతి. అందుకే ఇంకో జోకు కోసం, ఇంకో కలయిక కోసం అది వెతుకుతుంది.

రోజువారీ నవ్వుకు గొప్ప జోకు కూడా అక్కర్లేదు. అమెరికాలో నాడీ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ మార్కెట్లలో, కాలేజీ ఆవరణల్లో జనం సహజంగా నవ్విన 1,200 సందర్భాలను నమోదు చేశారు. వాటిలో జోకులాంటి మాట తర్వాత వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ ‘మళ్లీ కలుద్దాం’ వంటి మామూలు మాటల దగ్గరివే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో మనం 30 రెట్లు ఎక్కువ నవ్వుతామని ఆయన తేల్చారు. ఇక్కడ భయం లేదు, ఏం మాట్లాడినా ఫర్వాలేదు అని ఒకరికొకరు చెప్పుకునే సంకేతం నవ్వు. కొత్త ఆలోచన నోరు విప్పాలంటే కావలసింది ఆ ధైర్యమే.

కొవ్వొత్తి, పిన్నుల డబ్బా

మనస్తత్వ శాస్త్రంలో కార్ల్ డుంకర్ పేరు మీద ఒక ప్రసిద్ధ సమస్య ఉంది. ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె, ఒక డబ్బా నిండా పిన్నులు ఇస్తారు. మైనం బల్ల మీద పడకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలి. చాలామంది కొవ్వొత్తికే పిన్నులు గుచ్చాలని చూస్తారు, లేదా మైనం కరిగించి అంటించాలని చూస్తారు. నిలబడదు. పరిష్కారం డబ్బాలో ఉంది. పిన్నులు ఒలకబోసి, ఖాళీ డబ్బాను గోడకు గుచ్చి, దానిమీద కొవ్వొత్తి నిలబెట్టాలి. డబ్బా పిన్నులు దాచడానికే అన్న అలవాటు కంటికి అడ్డుపడుతుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆలిస్ ఐసెన్, ఆమె సహచరులు 1987లో ఈ సమస్య ఇచ్చేముందు కొందరికి కొద్ది నిమిషాల హాస్య చిత్రం, కొందరికి గణితం గురించిన చిత్రం చూపించారు. కొందరికి ఏమీ చూపించలేదు. ఏమీ చూడనివాళ్లలో 13 శాతం, గణితం చూసినవాళ్లలో 20 శాతం సమస్యను ఛేదించారు. నవ్వి వచ్చినవాళ్లలో 75 శాతం ఛేదించారు. ఇంత పెద్ద తేడా తర్వాతి ప్రయోగాలన్నిటిలో రాలేదు కానీ, మనసు తేలికపడితే దూరపు విషయాల మధ్య బంధం సులువుగా కనిపిస్తుందన్న ప్రతిపాదనకు ఇతర ఆధారాలూ ఉన్నాయి. 2010లో ఎంఐటీలో పరిశోధకుడు బ్యారీ కుడ్రోవిట్జ్ కొత్త వస్తువుల ఊహలు చెప్పమంటే, అప్పటికప్పుడు హాస్యం పండించే నటులు వృత్తి డిజైనర్ల కంటే 20 శాతం ఎక్కువ ఊహలు చెప్పారు. సృజన ఉన్నవాటిని లెక్కపెట్టినా వాళ్లదే పైచేయి.

శుక్రవారం రాత్రి ప్రయోగాలు

సరదాను పద్ధతిగా పెట్టుకున్న శాస్త్రవేత్త ఆండ్రే గైమ్. నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక శుక్రవారం రాత్రి బలమైన అయస్కాంతంలో నీళ్లు పోసి చూశారు. నీటిబొట్లు గాలిలో తేలాయి. 1997లో బతికున్న చిన్న కప్పనే తేల్చారు. జనాన్ని ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2000లో ఆయనకు, మరో భౌతిక శాస్త్రవేత్త మైకేల్ బెర్రీకి కలిపి వచ్చింది. 2001లో తన పెంపుడు హ్యామ్‌స్టర్ టిషాను ఒక పరిశోధన పత్రంలో సహరచయితగా చేర్చారు.

మాంచెస్టర్‌కు మారాక కూడా శుక్రవారం ప్రయోగాలు ఆగలేదు. గ్రాఫైట్‌ను వీలైనంత పలచగా చేయాలన్నది ఒక ప్రయత్నం. గ్రాఫైట్ ముక్క పైభాగాన్ని శుభ్రం చేయడానికి ప్రయోగశాలల్లో అతుకుటేపు వేసి పీకుతారు, ఆ టేపును చెత్తబుట్టలో పడేస్తారు. ఆ టేపుకు అంటుకున్న పొరలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, వాళ్లు చేయాలనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పలచగా ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ దొరికింది. ఆ పత్రం 2004లో వచ్చింది. 2010లో గైమ్‌కు, ఆయన సహచరుడు కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్‌కు భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇగ్ నోబెల్, నోబెల్ రెండూ వ్యక్తిగతంగా అందుకున్న మొదటి వ్యక్తి గైమ్.

ఎక్కడ పనికిరాదు

ఇదంతా చదివి పిచ్చిగీతను సర్వరోగ నివారిణి అనుకోకూడదు. పైన చెప్పిన పిచ్చిగీతల ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ఆండ్రేడ్ ప్రయోగంలో పెన్సిలు పట్టినవాళ్లు చేసింది ఇచ్చిన ఆకారాలు నింపడమే తప్ప స్వేచ్ఛగా గీయడం కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో స్వేచ్ఛగా గీసే పిచ్చిగీతలను పరీక్షిస్తే జ్ఞాపకశక్తికి లాభం కనిపించలేదు. విన్న పదాలనే బొమ్మలుగా గీసుకున్నప్పుడు మాత్రం రాసుకున్నప్పటికంటే బాగా గుర్తున్నాయి. బోర్డు మీద పటం, తెర మీద గ్రాఫు ఉన్నప్పుడు కన్ను అక్కడే ఉండాలి. గీతలకు కూడా కన్నే కావాలి కాబట్టి అలాంటప్పుడు పెన్ను కింద పెట్టడమే మేలు.

హాస్యానికీ హద్దుంది. నలుగురిని కలిపే నవ్వు వేరు, ఒకరిని మూలన కూర్చోబెట్టే నవ్వు వేరు. ఒకరి రంగు మీద, యాస మీద, కులం మీద, నత్తి మీద వేసే జోకు రెండు ఆలోచనలను కలపదు. ఉన్న గోడనే ఇంకాస్త పెంచుతుంది. ఎగతాళికి గురైన మనిషి తర్వాత కొత్త మాట చెప్పడానికి జంకుతాడు. ఆ గదిలో సృజన అక్కడితో ఆగిపోతుంది.

అంచు వదలండి

ఉలాం తన అంకెల గళ్లను కంప్యూటర్ దాకా తీసుకెళ్లారు. ఠాగూర్ కొట్టివేతలను కుంచె దాకా తీసుకెళ్లారు. గైమ్ బృందం చెత్తబుట్టలో పడే టేపును సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గీయడం, నవ్వడం అందరం చేస్తాం. వీళ్లు అదనంగా చేసింది రెండోసారి చూడడం.

మనకు సాధ్యం కానిది ఇందులో ఏదీ లేదు. ఉపాధ్యాయులారా, పాఠం వింటూ అంచున గీతలు గీసే పిల్లల మీద వెంటనే కేకలేయకండి. ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి, వింటున్నారో లేదో మీకే తెలుస్తుంది. ఆ పిల్లలకు విన్నదాన్నే బొమ్మగా గీయడం నేర్పితే ఇంకా మంచిది. ఆఫీసుల్లో మీటింగులు నడిపేవాళ్లు మొదటి ఐదు నిమిషాలు నవ్వుకు వదిలితే సమయం వృథా కాదు. అమ్మానాన్నలు పిల్లల పాత నోట్‌బుక్‌లు కాగితాలవాడికి వేసేముందు చివరి పేజీలు ఒకసారి తిప్పండి. మీరూ ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. చేయి దానంతటది గీసిన గీతకు, ఎవరో సరదాకి అన్న మాటకు తేదీ వేసి అందులో దాచండి. నెలకోసారి తిరగేయండి. చాలావరకు పనికిరానివే ఉంటాయి. పనికొచ్చే ఒక్కటి దొరకాలన్నా ముందు అవి దాచి ఉండాలి.